కుడివైపుది

విరిగింది ఎడమవైపు స్ప్రింగు.
జపార్ రెండూ విప్పుతానన్నాడు.

కొచ్కోర్ బజారు వెనక, ఇనుపరేకుల షెడ్డులో
నా ముసలి ఆడీ
ముందు చక్రాలు లేకుండా దుంగల మీద నిలబడింది.
జాకీని నమ్మొద్దంటాడు జపార్, దుంగని నమ్మమంటాడు.
మే నెలొచ్చినా
నేల మీద పడుకుంటే వీపుకి చలికాలమే తగులుతోంది.

తుప్పుపట్టిన బోల్టుకి రాత్రే కిరసనాయిలు తాగించాడు.
పొద్దున పానాకి మూడడుగుల గొట్టం తొడిగి
నన్ను దానికి వేలాడమన్నాడు.
కిర్రుమంది.
ఏడేళ్ల ఉప్పూ బురదా ఒక్క మూలుగులో వదిలింది.

షాక్ అబ్జార్బర్ బయటికొచ్చింది, ఒళ్లంతా నూనె చెమట.
కడ్డీని అరచేత్తో నొక్కాడు.
దిగింది. మళ్లీ లేవలేదు.
"ఇదెప్పుడో పోయింది డాక్టరమ్మా,
చెప్పలేదంతే."
నేను పశువుల డాక్టర్ని.
నోరు తెరిచి చెప్పని వాటితోనే నా బతుకు.

తర్వాత స్ప్రింగుని అణిచే పని.
రెండు కొక్కేలు, రెండు పొడవాటి మరలు,
ఇటు నాలుగు చుట్లు, అటు నాలుగు చుట్లు.
ఒకవైపే తిప్పితే వంగుతుంది,
వంగితే ఎగురుతుంది,
ఎగిరితే...
జపార్ ఆ మాట పూర్తి చెయ్యడు.
మొదటి కణుపు దగ్గరే ఆగిపోయిన
ఎడమచేతి చూపుడువేలు పూర్తి చేస్తుంది.

పాత ఉన్ని దుప్పటి కప్పి
గుర్రపు వెంట్రుకల తాడుతో కట్టాడు దాన్ని.
మొదటిసారి పగ్గం చూసిన గుర్రప్పిల్లతో మాట్లాడినట్టు
నోట్లోనే ఏదో గొణిగాడు.
నేను పక్కకి జరిగాను.
తన్నేదాని వెనక నిలబడకూడదని
నాకొకరు నేర్పక్కర్లేదు.

విరిగిన కొస చూపించాడు. జానెడు ముక్క లేదు.
తెగిన చోట సగం నల్లటి తుప్పు,
సగం ఇప్పుడే తోమిన గిన్నె.
"పగులు పాతది. తెగింది మాత్రం ఈమధ్యే.
ఎప్పుడో గుర్తుందా?"

ఉంది.
మార్చిలో, సరాలా-సాజ్ దారిలో,
ఒరోజ్‌బెక్ వాళ్ల గోధుమరంగు గుర్రం
ఈనలేక పడుందని ఫోనొచ్చిన రాత్రి.
వెళ్లేటప్పుడు కాదు.
వెళ్లేటప్పుడు ప్రతి గుంతనీ తప్పించాను.
వచ్చేటప్పుడు,
వెనకసీట్లో కడగని తొడుగులు పడుంటే,
ఏ గుంతనీ చూడలేదు.
టంగుమంది.
రేడియో పెంచాను.

"తెలీదు" అన్నాను.
జపార్ ఓసారి తలెత్తి చూసి
మళ్లీ పానాలోకి వంగాడు.

కుడివైపుది చెక్కుచెదరలేదు.
అక్కడక్కడా రంగు కూడా మిగిలే ఉంది.
"దీన్ని ఉంచేద్దామా? డబ్బు కలిసొస్తుంది."
"కొత్తదాని పక్కన పాతది పెడితే
బండి ఒరిగే నడుస్తుంది.
బ్రేకు కొట్టినప్పుడల్లా ఒకవైపుకి లాగుతుంది."
"దీని తప్పేముంది జపార్?"
"తప్పని ఎవరన్నారు? మోసింది. చాలు."

చక్రాలు నేలని తాకాకే చివరి బిగింపు.
బరువు మీద పడ్డాకే బిగించాలట,
గాల్లో వేలాడుతుండగా బిగిస్తే
రబ్బరు మెలిపడి చస్తుందట.
ముందు మూల నొక్కి వదిలాడు.
దిగింది, లేచింది, ఆగింది.
నిన్నటిదాకా ఏం చెప్పినా సరే సరేనని
తలూపుతూనే ఉండేది.
ముందువైపు రెండు వేళ్ల ఎత్తు పెరిగి
లైట్లు రోడ్డు వదిలేసి కొండల్ని చూస్తున్నాయి.
వాటినీ కిందికి దించాడు.

కూలిలో కొంత తగ్గించి
పాత ఇనుము తనే ఉంచుకున్నాడు.

వారం తర్వాత అటు వెళ్తే
అతని మనవరాలు బూరుల్, ఆరేళ్లుంటాయి,
ఆ కుడివైపు స్ప్రింగుని పెరట్లో నిలబెట్టి
దాని మీద కూర్చుని ఎగరాలని చూస్తోంది.
పిల్ల మొత్తం బరువుకి అది
వెంట్రుకవాసైనా కదల్లేదు.

"ఇది పాడైపోయిందా?" అనడిగింది.
"లేదు" అన్నాను,
ఆ మాట నిజంగా తెలిసి.